రంగు చూసి చెప్పు

చండూరు అంగడి మలుపుల
ఎరువుల దుకాణం నాది, పేరు వీరేశం.
గల్లపెట్టెల చిల్లర నడుమ
ఒక నీలం కార్డు పడున్నది.
దానికి మెడల ఏసుకునే తాడు కూడ ఉండె,
మా బుడ్డోడు బొంగరానికి చుట్టుకపోయిండు.

ఆ ఏడు విత్తనాల కంపెనీ
టార్గెట్ దాటిన డీలర్లకు ఓడ చూపించింది.
ముంబై రేవుల మెట్లెక్కంగనే
తెల్లంగి పిల్ల నవ్వుకుంట కార్డు చేతుల పెట్టింది.
తలుపుకు అదే తాళంచెవి.
గోడకున్న సందుల దాన్ని గుచ్చితేనే దీపం.
చాయ తాగినా, సబ్బు కొన్నా అండ్లనే పద్దు.
మూడు రాత్రులు
నా పేరు దాని తర్వాతనే.

రంగుల సంగతి ముందుగాల ఎవలు చెప్పలే.
తిప్పర్తి నర్సింగరావుది బంగారు రంగు,
రెండోసారి వచ్చినోళ్లకు అదిస్తరంట.
కోదాడ అన్నదమ్ములయి నల్లయి,
సముద్రం మొకాన అరుగున్న గదులు వాళ్లయి.
నీలమంటే కొత్తోడు.
పిల్లల కార్డుకు మూలకు బెజ్జం కొడ్తరు,
బార్ల వాళ్లకు మందు పొయ్యకుండ గుర్తు.
మా దుకాణంకు మందు కోసం పిల్లలనే తోలుతరు,
ఏ మూలా చూడకుండ
సంచిల కట్టి ఇస్తనే ఉన్న.

పై మెట్టు కాడ తాడు కట్టి ఒకడు నిలబడ్డడు.
నర్సింగరావు కార్డు చూసి తాడు ఇప్పిండు.
నా కార్డు చూసి దండం పెట్టిండు.
ఎంత మెత్తటి దండమంటే
కిందికి దిగి, కుర్చీల కూసున్నంక గాని తెల్వలే
ఎల్లగొట్టిండని.

ఒక్కతానే రంగు అడగలే.
ఎక్కిన పొద్దే సైరన్ కూసింది,
మునిగితే ఎట్లనో నేర్పుతరంట.
కార్డు మీద చిన్నగ అచ్చేసిన అక్షరం కింద
అందరం వరుసగ నిలబడ్డం.
నాది సి.
కోదాడ పెద్దాయనది సి.
గదులూడ్చే పిలగానిది కూడ
సి.
భుజాలు రాసుకుంట నిలబడి
పడవల దిక్కు చూసినం.
చేను మునిగిననాడు, చేను ఎండిననాడు
మా ఊర్ల ఏ అక్షరం కింద నిలబడాల్నో
ఇప్పటికైతే ఎవ్వరు అచ్చెయ్యలే.

నిన్న పిట్టల ఈదయ్య వచ్చిండు,
పత్తికి గులాబి పురుగు తగిలిందని.
చదువు రాదు. ఏండ్ల సంది రంగు చూపించే చెప్తున్న:
డబ్బా మీద ఎరుపుంటే మూతికి గుడ్డ కట్టుకో,
పసుపుంటే గాలికి ఎదురు కొట్టకు,
నీలముంటే చేతులు కడుక్కున్నంకనే అన్నం ముట్టు.
ఆకుపచ్చదాని గురించి నేనేం చెప్పలే,
అది మంచిదని ఆయనే అనుకున్నడు.

చిల్లర ఏరుతుంటె కార్డు కంటబడ్డది.
తీసి, తిప్పి, వాసన చూసిండు.
“ఇది ఏ మందుదే సేటు?
నీలమంటే నడిమి రకం గద,
పానం తియ్యది, తల తిప్పుతది.”
నవ్విన.
రెండో రాత్రి కమ్మి పట్టుకోని
సముద్రంల కక్కింది యాదికొచ్చింది.
“అవు ఈదయ్యా, తల తిప్పుతది” అన్న.

ఎన్ని ఎర్రడబ్బాలు పోతే ఒక నీలమైందో
కంపెనీ కాయితంల ఉన్నది.
పోయిన వారమే వాళ్ల పిలగాడు బైకు దిగకుండనే అన్నడు:
“ఈసారి కొడితే మీకు బంగారుదే, అన్నా.”
ఆ కాయితం నేను రెండుమార్లు చదివిన.
ఈదయ్య పద్దుల ఏడు డబ్బాలు, అన్నీ ఉద్దెరే,
అవి సుత అండ్ల కలిసే ఉన్నయి.

నీలం కార్డు ఆయన పేజీల పెట్టిన, గుర్తుకు.
అప్పటి సంది పుస్తకం ఏడ తెరిచినా
అక్కడికే తెరుచుకుంటున్నది.

పొద్దుగూకింది. ఈదయ్య పోలే.
బల్ల మీద రెండు డబ్బాలు పెట్టుకోని
ఒకటి నా దిక్కు జరిపిండు,
“కండ్లు మసకైతున్నయి సేటు,
జర రంగు చూసి చెప్పు.”